రాజీ కుదరని పిమ్మట

న్యాయాధిపతి యొద్దకు పోవు దారిలోనే ఎదుటి వానితో తగవు తీర్చుకొనుడని మన ప్రభువు మత్తయి సువార్త 5వ అధ్యాయములో చెప్పిన సంగతి మన సంఘములలో ఎరుగనివారు లేరు. దానిమీద ప్రసంగములు అనేకములు వింటిమి, మేమును చెప్పియున్నాము. అయితే ఆ దారిలో ఇద్దరును మాటలాడుకొని, పెద్దలను కూర్చుండబెట్టుకొని, కోర్టువారు ఏర్పరచిన మధ్యవర్తి యెదుటను కూర్చుండి, అప్పటికిని ఏకము కాలేకపోయినయెడల ఏమి చేయవలెను? దీనిని గూర్చిన ప్రసంగములు బహు అరుదు. రాజీ కుదిరినచో కీర్తన పాడి, ప్రార్థన చేసి, కాఫీ త్రాగి లేచెదము. కుదరనిచో తల వంచుకొని ఇండ్లకు పోవుదుము. ఆ మీదట జరుగునదంతయు ప్లీడర్ల పని యనియు, దేవుని వాక్యమునకు అక్కడ చోటు లేదనియు అనుకొందుము. ఇది సరియైన తలంపేనా అని ఈ నెల ఆలోచింప గోరుచున్నాము.

ఒక కుటుంబమును మనస్సునందు ఉంచుకొందము. పేర్లు అక్కరలేదు, ఇట్టి కుటుంబము లేని మండలము లేదు. తండ్రి వీలునామా వ్రాయకయే ప్రభువునందు నిద్రించెను. ఆయన స్వార్జితము నాలుగున్నర ఎకరముల మాగాణి. ఆయనకు భార్యయు, ఇద్దరు కుమారులును, వారికి చిన్నదైన ఒక కుమార్తెయు ఉన్నారు. కుమార్తె పొరుగూరిలో కాపురముండి, భర్తను పోగొట్టుకొని, ఇద్దరు బిడ్డలతో కూలికి పోవుచున్నది. ఆమె తన భాగము అడిగెను. "చెల్లెమ్మా, నీ పెండ్లికి పెట్టినదే నీ భాగము, ఇంకేమున్నది?" అని అన్నలు చెప్పిరి.

ఇక్కడ చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుట మంచిది. ఏలయనగా ఈ మాట మన పల్లెలలో చాలమందికి తెలియదు, తెలిసినవారు చెప్పరు. మన క్రైస్తవులకు వర్తించునది 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము. వీలునామా లేక మరణించినవాని ఆస్తిలో విధవరాలికి మూడవ వంతు పోగా, మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికి సమానముగా చెందును. కుమారుడని ఎక్కువ లేదు, కుమార్తె యని తక్కువ లేదు. పైని చెప్పిన నాలుగున్నర ఎకరములలో తల్లికి ఎకరమున్నర, బిడ్డలు ముగ్గురికిని తలా ఒక ఎకరము. లెక్క ఇంతే. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురును మోషే యెదుట నిలిచి ఇదే అడిగిరి. మోషే వారిని గద్దింపలేదు. వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారు చెప్పినది న్యాయమే యని అక్కడ తీర్పు వచ్చెను.

మన సహోదరి మొదట సంఘపెద్దల యొద్దకు వచ్చెను. పెద్దలు రెండు సాయంకాలములు కూర్చుండిరి. అన్నలు కొంత సొమ్ము ఇత్తుమనిరి. ఆమె నేలయే కావలెననెను. తరువాత ఆమె పట్టణపు కోర్టులో భాగపరిష్కారపు దావా వేసెను. సివిలు ప్రొసీజరు కోడులోని 89వ సెక్షను, 2002వ సంవత్సరము జూలై 1వ తేదీ నుండి అమలులో ఉన్నరీతిగా, రాజీకి వీలున్న వ్యాజ్యెములను కోర్టువారు మధ్యవర్తి యొద్దకు గాని లోక్ అదాలతుకు గాని పంపవచ్చును. అట్లే పంపిరి. మధ్యవర్తి మూడు పర్యాయములు ఇరువైపులవారిని కూర్చుండబెట్టెను. అన్నలు మరికొంత సొమ్ము పెంచిరి, ఆమె అర ఎకరమునకు దిగివచ్చెను; కాని కాలువ ప్రక్కనున్న ముక్కయా, ఎగువ మెరక ముక్కయా అనుచోట మాట తెగిపోయినది. రాజీ కుదరలేదని మధ్యవర్తి కోర్టుకు తెలిపెను.

ఆ తెలుపుటలో ఒక విశేషమున్నది. ఎవరు మొండికెత్తిరో, ఎవరు ఎంతవరకు దిగివచ్చిరో మధ్యవర్తి వ్రాయకూడదు. అక్కడ ఆడిన మాటలు కోర్టులో సాక్ష్యముగా తేకూడదు. సహోదరి అర ఎకరమునకు ఒప్పుకొన్నదే యని అన్నల ప్లీడరు రేపు వాదించుటకు వీలులేదు. లోకపు కోర్టువారికున్న ఈ మర్యాద మన సంఘపెద్దలకు ఉన్నయెడల ఎంత బాగుండును! మన యొద్ద రాజీ తప్పిన మరునాటి ఉదయమునకే, ఎవరు ఏమనిరో చెరువుగట్టు మీదను టీ అంగడి యొద్దను వినబడును. అటుపిమ్మట పెద్దల యెదుట నోరు విప్పుటకు ఎవరు సాహసింతురు?

ఇప్పుడు వ్యాజ్యెము తిరిగి కోర్టుకు వచ్చినది. న్యాయాధిపతి ఒక తేదీ నిర్ణయించి, ఆ దినమున ఉభయులును హాజరు కావలెనని చెప్పును. ఆ పిమ్మటి మెట్లు ఏవనగా, మొదట ఎవరు దేనిని ఒప్పుకొనుచున్నారో దేనిని కాదనుచున్నారో చూచి, తేలవలసిన అంశములను కోర్టు వ్రాయును. దీనినే ఇష్యూలు వేయుట అందురు. అది జరిగిన 15 దినములలోపల ఇరుపక్షములును తమ సాక్షుల జాబితా దాఖలు చేయవలెను. సాక్షి చెప్పదలచినది మొదట అఫిడవిట్టుగా వ్రాసి ఇచ్చును; తరువాత ఎదుటి ప్లీడరు అడ్డప్రశ్నలు వేయును. ఆపైని వాదములు, తీర్పు. వాదములు ముగిసిన పిమ్మట సాధారణముగా 30 దినములలో, ఎంత ఆలస్యమైనను 60 దినములలో తీర్పు చెప్పవలెనని కోడులోనే ఉన్నది. భాగపరిష్కారపు దావాలో మొదటి డిక్రీతో పని ముగియదు. ఎవరి వంతు ఎంతయో అది చెప్పును, నేలమీద గట్లు వేయుటకు కమీషనరు రావలెను, తుది డిక్రీ కావలెను.

ఇన్ని మెట్లు. ప్రతి మెట్టునకు ఒక తేదీ. ఆ తేదీకి మన భాషలో వాయిదా యని పేరు. ఈ మాటను మన జనులు ఎంత చక్కగా వాడుకలోనికి తెచ్చుకొనిరో చూడుడి: కోర్టుకు పోవు దినమును వాయిదాయే, కోర్టుపని జరుగక వెనుకకు పోవుటయు వాయిదాయే. ఒకే మాటకు రెండర్థములు వచ్చినవన్నయెడల మన అనుభవము ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

మా ప్రశ్న ఇక్కడనే యున్నది. రాజీకి ప్రయత్నించి విఫలులైన విశ్వాసులకు ఒకరియెడల నొకరికి ఇంకను ఏదైన ఋణమున్నదా? ఉన్నదని మేమందుము. ప్రభువు చెప్పిన దారి మధ్యవర్తి గదిలో ముగిసిపోలేదు. న్యాయాధిపతి తీర్పు చెప్పువరకు ఆ ఇద్దరును ఇంకను దారిలోనే యున్నారు. మన ఊళ్లలో ఇది అక్షరాల నిజము. వాదియు ప్రతివాదులును ఒకే బస్సులో పట్టణమునకు పోవుదురు, ఒకే వరండాలో పిలుపు కొరకు కనిపెట్టుదురు. ప్రేమ పెద్ద రూపములో, అనగా రాజీగా, కుదరలేదు. అంతమాత్రమున చిన్న రూపములో కూడ అక్కరలేదని ఎవరు చెప్పిరి? తేదీలయందు నమ్మకముగా నడుచుకొనుట ఆ చిన్న రూపములలో ఒకటి.

ఏలయనగా వాయిదా ఇరువురికిని ఒకే బరువు కాదు. నేల ఎవరి చేతిలో నున్నది? అన్నల చేతిలో. వ్యాజ్యెము ఒక సంవత్సరము ఆలస్యమైనయెడల సార్వా పంటయు దాళ్వా పంటయు వారి గాదెలోనే పడును. సహోదరికో, ప్రతి వాయిదాకు ఒకనాటి కూలి పోవును, రానుపోను బస్సు ఛార్జీ పోవును, బిడ్డలను పొరుగింట అప్పగింపవలసివచ్చును. మధ్యకాలపు ఫలసాయమునకు లెక్క చెప్పుమని ఆమె అడుగవచ్చును, నిజమే. అయితే బిడ్డ బడి మానిన సంవత్సరమునకు ఏ కమీషనరు లెక్క కట్టును? కాబట్టి చేతిలో ఆస్తి యున్నవాడు అనవసరముగా వాయిదా కోరునప్పుడు తాను ఏదో కాలహరణము చేయుచున్నానని మాత్రమే అనుకొనరాదు. ఎదుటివారి దినములను, ఎదుటివారి పంటను తీసికొనుచున్నాడు. దొంగిలకూడదన్న ఆజ్ఞ గాదెకు మాత్రమే గాక దినములకును వర్తించునని మేము నమ్ముచున్నాము.

అపొస్తలుల కార్యములు 24, 25 అధ్యాయములు ఈ దృష్టితో చదివి చూడుడి. పౌలును విచారించిన ఫేలిక్సు, సహస్రాధిపతియైన లూసియ వచ్చినప్పుడు చూతమని విచారణ నిలిపివేసెను. లూసియ వచ్చినట్లు ఆ గ్రంథములో ఎక్కడను లేదు. పౌలు తనకు సొమ్ము ఇచ్చునేమో యని ఆశించి ఫేలిక్సు మాటిమాటికి పిలిపించుచుండెననియు, అట్లు రెండు సంవత్సరములు గడచెననియు లూకా వ్రాసెను. వాయిదా వేయుటకు కారణము నోటిలో ఒకటి, హృదయములో మరియొకటి! తరువాత వచ్చిన ఫేస్తు గొప్ప భక్తుడేమియు కాడు. అయినను తాను ఆలస్యము చేయక మరునాడే న్యాయపీఠము మీద కూర్చుంటినని అగ్రిప్ప రాజుతో చెప్పుకొనెను. అన్యుడైన అధికారి గొప్పగా చెప్పుకొనిన ఈ సద్గుణము మన కోర్టు పక్షులలో కనబడకపోవుట సిగ్గుచేటు గాదా?

అన్నలు మాకు చెప్పు సమాధానము తెలియును. "అయ్యగారూ, తేదీల సంగతి మా ప్లీడరుగారు చూచుకొందురు, మాకేమి తెలియును?" ఇది సగము నిజము. ఏ దరఖాస్తు ఎట్లు వ్రాయవలెనో ప్లీడరునకే తెలియును. అయితే ప్రతివాదికి జ్వరమని దరఖాస్తులో వ్రాసిన దినమున ఆ ప్రతివాది మోకాటిలోతు బురదలో నారు పీకించుచున్నయెడల, ఆ అబద్ధము ఎవరిది? వకాల్తా ఇచ్చినప్పుడు మన కాగితములు ప్లీడరు చేతికి పోవును, మనస్సాక్షి పోదు. అయ్యా, ఉన్నది ఉన్నట్లు చెప్పి అడుగుడి, లేని రోగము వ్రాయకుడి అని కక్షిదారుడు చెప్పినయెడల కాదను ప్లీడరును మేము చూడలేదు. చట్టము సహితము దీనిని ఎరిగియే యున్నది. విచారణలో ఒక పక్షమునకు మూడింటికి మించి వాయిదాలు ఇవ్వరాదని కోడు చెప్పుచున్నది; ప్లీడరు వేరొక కోర్టులో పనిలో ఉన్నాడనుట తగిన కారణము కాదనియు చెప్పుచున్నది. మనుష్యుని చేతిలో లేని ఆపద సంభవించినప్పుడు ఆ మూడింటి హద్దు సడలవచ్చునని 2005లో సుప్రీంకోర్టు వివరించెను. ఆ సడలింపు ఆపదలో నున్నవాని కొరకు గాని తెలివిగలవాని కొరకు కాదు.

మరి కొందరు ఇంకను మెత్తగా మాటలాడుదురు. ఆలస్యమైనకొలది కోపము చల్లారును, మనస్సులు కలియును, కాబట్టి వాయిదాలు పడనిండని వారందురు. దీనిని మేము తోసివేయము. యాకోబు ఏశావులకు ఇరువది సంవత్సరములు పట్టినది గదా! అయితే ఆ ఇరువది సంవత్సరములును అన్నను మోసము చేసిన యాకోబే ఇల్లు విడిచి పరాయి దేశములో ఎండకు ఎండెను, ఏశావు ఎండలేదు. కనిపెట్టుటలోని కష్టము ఎవరిమీద పడుచున్నది అనునదే ఇక్కడ చూడవలసినది. ఇరువురును మనస్ఫూర్తిగా ఒప్పుకొని, కోతలైన తరువాత మరల కూర్చుందమని తేదీ అడిగినయెడల అది మంచి వాయిదా. ఒకడు తింటూ మరియొకరిని కనిపెట్టుమని చెప్పుట ఓర్పు అనిపించుకొనదు. నిజముగా రాజీ కోరువారికి కోర్టు తలుపు ఎన్నడును మూయబడదు. విచారణ నడుచుచుండగానే ఏ దినమునైనను ఇరువురును రాజీపత్రము వ్రాసికొని దాఖలు చేయవచ్చును, తీర్పు దాని ప్రకారమే వచ్చును. కాబట్టి రాజీ కొరకని విచారణను ఆపవలసిన పని లేదు.

మూడవ మాట మిక్కిలి బరువైనది. అది వాక్యము నుండి వచ్చుచున్నది. విశ్వాసి విశ్వాసిమీద వ్యాజ్యెమాడుట 1 కొరింథీయులకు 6వ అధ్యాయములో పౌలు గద్దించెను గదా, ఆమెయే మొదట తప్పు చేసెను, ఇక ఆమెకు మేము చేయవలసిన న్యాయమేమున్నది అందురు. ఆ గద్దింపు వాస్తవమే. కాని పౌలు ఆ అధ్యాయములో ముందుగా సంఘమును అడిగెను: సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనను మీలో లేడా యని. తరువాత అన్యాయము చేయువారినే, అదియును సహోదరులకే అపహారము చేయువారినే గద్దించెను. మనము ఈ అధ్యాయమును చేతపట్టుకొని విధవరాలి నోరు మూయుదుముగాని, నేల పట్టుకొనియున్నవాని చేయి పట్టుకొనము. లూకా 12లో ఆస్తి పంచిపెట్టుమని అడిగిన మనుష్యుని సంగతియు ఇంతే. ప్రభువు పంచువానిగా ఉండనొల్లలేదు. పిమ్మట లోభమును గూర్చిన హెచ్చరిక అడిగినవానికి మాత్రమే గాక అక్కడ ఉన్నవారందరికిని చెప్పెను. పంచకుండ పెట్టుకొనిన సహోదరుడు ఆ గుంపులో లేడని ఎవరు చెప్పగలరు?

అట్లని దావా వేసినవారికి ఏ నియమమును లేదని కాదు. సహోదరి కూడ తేదీని ఆయుధముగా చేసికొనవచ్చును. చిన్నన్న భార్య పురుటిదినములు తెలిసియుండి ఆ వారమే కావలెనని పట్టుపట్టవచ్చును. ప్రతివాదులు ఎక్కిన బస్సు దారిలో చెడిపోయి పిలుపు వేళకు రాలేనప్పుడు, సంగతి తెలిసియు ఊరకుండి ఎక్స్‌పార్టీ చేయించుకొనవచ్చును. చట్టము దానిని మరల సరిచేసికొనుటకు దారి ఇచ్చును గాని, అప్పటికి ఇంకొక ఆరునెలలును ఇంకొంత విషమును చేరును. "అన్నయ్య వచ్చుచున్నాడు, దారిలో ఉన్నాడు" అని తన ప్లీడరుతో చెప్పుట వలన ఆమె ఎకరము తరిగిపోదు.

చేయదగిన పనులు కొన్ని కలవు, అవి కష్టమైనవి కావు. ఇష్యూలు వేయు దినమునకు ముందే నిజమైనదానిని ఒప్పుకొనవలెను. తండ్రి కొనిన దస్తావేజు నిజమైనదని అందరికి తెలిసియుండగా, రుజువు చేసికొనుమని ఎదురాడినయెడల ఎనుబది ఏండ్ల సాక్షి సంతకదారుని కోర్టు మెట్లెక్కింపవలసివచ్చును. సాక్షుల జాబితాలో అక్కరకు వచ్చువారినే వ్రాయవలెను. పదునైదు పేర్లు వ్రాసి పదునైదు వాయిదాలు సంపాదించుట పాత యుక్తి. నాట్లు, కోతలు, పురుడు, పరీక్షలు ఏ వారములలో పడునో ఇరువైపులవారును ముందే తమ ప్లీడర్లకు చెప్పియుంచినయెడల, వారు కలిసి కోర్టువారిని తగిన తేదీ అడుగగలరు. శత్రువుల మధ్య సహితము ఇది జరుగును. ఇక స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ, ప్రభుత్వ న్యాయసేవా సంస్థలవారు ఉచితముగా ప్లీడరును ఇచ్చెదరని 1987వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. సొమ్ము అయిపోయి ఆమె తానే విరమించునని కనిపెట్టుకొనియున్నవారు ఈ సంగతి తెలిసికొనవలెను; సంఘపు స్త్రీల సమాజము దీనిని చదివి వినిపించిన మంచిది.

కేరళ దేశపు మేరీ రాయ్ గారి వ్యాజ్యెమును కొందరు వినియుందురు. తిరువాన్కూరు క్రైస్తవ కుమార్తెలకును 1925వ చట్టము ప్రకారము సమాన భాగము కలదని సుప్రీంకోర్టు 1986లో తీర్పు చెప్పెను. తీర్పు దేశమంతట వినబడెను. ఆమె భాగము ఆమె చేతికి వచ్చుటకు మాత్రము అటుపిమ్మట ఇంకను అనేక సంవత్సరములు పట్టెను. పేరుపొందిన విద్యావంతురాలికే అంత కాలము పట్టినప్పుడు కూలికి పోవు స్త్రీ మాట ఏమి?

వ్యాజ్యెము నడుచుచుండగా వీరిని ప్రభువు బల్లకు రానీయవలెనా అని పెద్దలు అడుగుచుందురు. దావా వేసినందున మాత్రమే ఎవరిని ఆపకూడదని మా అభిప్రాయము. అట్లు ఆపినచో సంస్కారము నేల యున్నవాని పక్షమున మాటలాడినట్లగును. లేని జ్వరమును కోర్టుకు వ్రాయించినవానితో మాత్రము కాపరి ఒంటరిగా మాటలాడవలెను, బల్లకు ముందుగనే.

కడమ మిగిలినది తల్లి సంగతి. ఎకరమున్నర ఆమెది, కాబట్టి ఆమెను విడిచి దావా నడువదు, ఆమెయు అందులో పార్టీయే. ఇరువైపులవారును ఆమె తమ పక్షమున చెప్పవలెనని కోరుదురు. అన్నం పెట్టుచున్న కోడలు ఒకవైపు, కన్న కూతురు మరియొకవైపు. ఆమె సాక్ష్యము నిజముగా కావలెనా యని ముందు ఆలోచింపుడి. తండ్రి వీలునామా వ్రాయలేదని అందరును ఒప్పుకొన్నయెడల ఆమె చెప్పవలసినది మిక్కిలి స్వల్పము. కావలెననినయెడల, వృద్ధాప్యముచేత జబ్బుతోనుండి కోర్టుకు రాలేనివారి సాక్ష్యమును ఇంటియొద్దనే వ్రాసికొనుటకు ఒక అడ్వకేటు కమీషనరును పంపుమని అడుగవచ్చును. ఇరుపక్షముల ప్లీడర్లును కలిసి అడిగినయెడల అందులో తగవేమియు ఉండదు. అట్టి దరఖాస్తు వేయదలచినవారు సాక్షుల జాబితా దాఖలు చేయు తేదీకి ముందే ఈ సంగతి తమ ప్లీడరుతో చెప్పవలెను.